నల్లమొహానికి అర్థం

ఆ పొద్దున ఫోటోగ్రాఫర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. షట్టరు తీయాలి, పార్టీ పెద్దాయన ఫోటోని కిటికీ అంత సైజులో ప్రింటు తీయాలి, బావమరిది దానికి ఫ్రేము కట్టాలి, మధ్యాహ్నం మీటింగు మొదలయ్యేలోగా దాన్ని పార్టీ ఆఫీసులో అప్పగించాలి, ఇంటికెళ్ళి భోంచేసి ఒక కునుకు తీయాలి. ఇందులో రాజకీయం ఎక్కడా లేదు. అతని నోరు ఎటు తిరిగితే అటు వెళుతుందన్న సంగతి మాత్రం అతను లెక్కలోకి తీసుకోలేదు.

స్టూడియో అంటే ఒకటే పొడుగాటి గది. ముందు కౌంటరు, దాని మీద చిన్న టీవీ, ఆ వెనక నీలం తెర, స్టూలు, రెండు గొడుగు లైట్లు. చివర్లో ఒక మూల కంప్యూటరూ ప్రింటరూ, ఇంకో మూల బావమరిది బల్ల, దాని మీద రంపం, జిగురు డబ్బా, అద్దాలు కోసే కలం. మధ్యలో అడ్డుగోడ లేకపోవడం వల్ల బావా బావమరుదులు పొద్దస్తమానం ఏదో ఒకటి వాదించుకుంటూనే ఉంటారు. వాళ్ళకున్న నియమం ఒక్కటే. ఫోటో బావది, ఫ్రేము బావమరిదిది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. ఆ నియమం వల్లే ఆ కొట్టు ఇన్నేళ్ళు నడిచింది.

ఆ పొద్దున మొదటి గిరాకీ లెక్కల మాస్టారు. పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చాడు. “గడ్డం కొంచెం పైకి, మాస్టారూ” అన్నాడు ఫోటోగ్రాఫర్. ఎవరొచ్చినా ముందు ఆ మాటే అంటాడు గనక వీధిలో అతన్ని గడ్డంపైకి గారు అంటారు. మాస్టారు గడ్డం పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే టీవీలో పెద్దాయన మొహం కనబడింది.

ముందురోజు సభలో ఆయనన్న మాటనే తిప్పి తిప్పి వేస్తున్నారు. “మనం గెలిచిన మర్నాడు ఈ ఊళ్ళో ఒక్క నల్లమొహం కూడా కనబడకూడదు” అని ఆయన బల్ల గుద్దాడు, జనం చప్పట్లు కొట్టారు. మార్కెట్టు వెనక రేకుల షెడ్లలో ఉండే పనివాళ్ళంటే ఆయనకి ఎప్పుడూ పడదు. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చినవాళ్ళు, ఊళ్ళోవాళ్ళ కంటే ఒక చాయ నలుపు. పార్టీవాళ్ళేమో, ఓడిపోయినవాళ్ళ మొహాలు నల్లబడతాయి కదా, మా పెద్దాయన అన్నది ప్రతిపక్షాన్ని, అని తెల్లారిన దగ్గర్నుంచీ సర్దిచెబుతున్నారు.

“చూశావా, వీడు పచ్చి రేసిస్టు” అన్నాడు ఫోటోగ్రాఫర్, కెమెరా పక్కన పెట్టేసి.

“ఎందుకు బావా, ఊరికే మనుషుల్ని అంటావు? ఓడిపోతే మొహం నల్లబడదా? ఆయనన్నది అదే” అన్నాడు బావమరిది, చెక్క మీంచి తల ఎత్తకుండా.

“మొహం నల్లబడటం వేరు, నల్లమొహం వేరు. మొదటిది కాసేపుండి పోతుంది. రెండోది పుట్టుకతో వస్తుంది.”

“మరి తెల్లమొహం వేశాడంటాం కదా. తెల్లగా పుట్టినవాళ్ళందర్నీ తిట్టినట్టా?”

“అది పాయింటే” అన్నాడు మాస్టారు, గడ్డం పైకి పెట్టుకునే.

“ఏం పాయింటు? తెల్లమొహాలని ఊళ్ళోంచి పొమ్మన్నవాడెవడైనా ఉన్నాడా?”

“ఇదీ పాయింటే” అన్నాడు మాస్టారు. గడ్డం దించమని ఎవరూ చెప్పలేదు గనక ఆయన ఎత్తే ఉంచాడు.

మాటలతో పని జరగదనుకుని ఫోటోగ్రాఫర్ కంప్యూటర్ దగ్గరికి విసవిసా నడిచాడు. తెర మీద ప్రింటుకి సిద్ధంగా పెద్దాయన నవ్వుతున్నాడు. ఇద్దరూ చూస్తుండగా ఆ మొహాన్ని నాలుగు నొక్కులు నొక్కి ముదురు నలుపు చేశాడు. నవ్వూ మీసమూ కళ్ళజోడూ అవే ఉన్నాయి, మనిషి మాత్రం రేకుల షెడ్లోంచి ఇప్పుడే బయటికొచ్చినట్టున్నాడు.

“ఇదీ నల్లమొహం అంటే. ఇలా ఉన్నవాణ్ణి ఆయన తన పక్కన కుర్చీలో కూర్చోనిస్తాడా, చెప్పు.”

బావమరిది నవ్వేశాడు. “పొద్దున లేస్తే వచ్చినవాళ్ళందరి మొహాలూ తెలుపు చేసేది నువ్వు. రేసిస్టేమో ఆయనా?”

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. తన ఫోటో కొంచెం తేటగా రావాలని ఆయన వస్తూనే చెవిలో చెప్పాడు.

“గిరాకీలు అడుగుతారు, చేస్తాను” అన్నాడు ఫోటోగ్రాఫర్.

“జనం చప్పట్లు కొడతారు, ఆయనా అంటాడు.”

జవాబు లేనప్పుడు ఊరుకోవడం కొందరికి వస్తుంది, ఫోటోగ్రాఫర్‌కి రాదు. వాదన చేజారిపోతోందన్న కంగారులో నోటికొచ్చింది అనేశాడు. “ఆ నల్లమొహం వేసుకుని వాడికి వత్తాసు పలకడానికి నీకు సిగ్గు లేదూ?”

టీవీలో ప్రకటనలు వస్తున్నాయి. మాస్టారి గడ్డం అప్పుడు దిగింది. ఆయన బావమరిది మొహం వంక చూశాడు, చూసి, చూడనట్టు నేల వంక చూశాడు. నిజమే, బావమరిది నల్లటివాడు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళంతా అంతే. ఇన్నేళ్ళలో ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్యకి ఒక్కసారీ రాలేదు. బావమరిది చేతిలో మేకు బల్ల మీద పెట్టి, “అద్దం కొయ్యాలి” అని అటు తిరిగాడు.

ఫోటోగ్రాఫర్ నాలుక కరుచుకున్నాడు. తను అన్నది ఆ రంగువాళ్ళ పక్షాన నిలబడే కదా అని మనసులో సర్దిచెప్పుకోబోయాడు గాని అది తనకే రుచించలేదు. వెంటనే వెళ్ళి భుజం మీద చెయ్యేసి తప్పయిపోయిందిరా అంటే సరిపోయేది. మాస్టారు ఉన్నాడని సిగ్గుపడ్డాడు. ఆయన వెళ్ళాక చెబుదాంలే అనుకుని, చేతులకి ఏదో పని కావాలి గనక ప్రింటు మీట నొక్కి, మాస్టారి వైపు వచ్చేశాడు. తెర మీద మొహాన్ని మళ్ళీ మామూలు చేయాలన్న సంగతి అతనికి తట్టనే లేదు.

మాస్టారి ఫోటో తీస్తున్నంతసేపూ అతని చెవులు వెనకే ఉన్నాయి. ప్రింటరు రొద ఆగింది. బావమరిది కాగితం తీసుకున్న చప్పుడైంది. ఇప్పుడు ఏదో అంటాడు, అంటే వెంటనే క్షమించమని అడిగేద్దాం, అని ఫోటోగ్రాఫర్ ఎదురుచూశాడు. మేకులు కొట్టే చప్పుడు మొదలైంది.

ఫ్రేము తయారయ్యాక దాన్ని గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టి, తెచ్చి కౌంటరుకి ఆనించాడు బావమరిది. తరవాత రంపమూ సుత్తీ పనిముట్ల పెట్టెలో సర్దుకుని, పెట్టె చేత్తో పట్టుకుని వీధిలోకి దిగాడు. రోజూ భోజనానికి వెళుతూ “అక్కని అడిగానని చెప్పు” అంటాడు. ఆ రోజు అదీ అనలేదు, పైగా భోజనానికి పెట్టె పట్టుకెళ్ళేవాడెవడూ ఉండడు.

వెనకాలే పరిగెత్తుదామంటే మీటింగు టైమవుతోంది. ఫోటోగ్రాఫర్ చుట్టిన ఫ్రేముని రెండు చేతులా ఎత్తుకుని పార్టీ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ కార్యదర్శి చెమటలు కక్కుతున్నాడు. హాలు నిండా విలేఖరులున్నారు, అందరూ నల్లమొహం గురించే అడుగుతున్నారు.

“మా పెద్దాయనకి రంగు పట్టింపు లేనే లేదు. ఆయన కళ్ళకి అందరూ ఒకటే” అని గొంతు చించుకుంటున్న కార్యదర్శి, ఫోటో రావడం చూసి ప్రాణం లేచొచ్చినట్టు దాన్ని అందుకున్నాడు. “మాటలెందుకు, ఆ చల్లటి మొహం మీరే చూడండి” అని కాగితం చించి, ఫ్రేముని విలేఖరుల వైపు తిప్పి పట్టుకున్నాడు.

హాలు చల్లబడింది. ఫోటోగ్రాఫర్‌కి తను మామూలు చేయడం మరిచిన మొహం అప్పుడు గుర్తొచ్చింది. నల్లటి పెద్దాయన అద్దంలోంచి అందర్నీ చూసి హాయిగా నవ్వుతున్నాడు.

“ఈయన మీ పెద్దాయనేనా?” అంది ముందు వరసలో కూర్చున్న విలేఖరి. బడి పంతులమ్మలా ఒక్కొక్క మాటా ఒత్తి అడిగే మనిషి.

కార్యదర్శి వంగి చూశాడు. “ఆయనే” అన్నాడు.

“ఫోటోలో ఏమైనా లోపముందా?”

“లోపమా? బ్రహ్మాండంగా ఉంది.”

“మరి మీ మొహం ఎందుకు నల్లబడింది?”

కార్యదర్శి ఇరుక్కుపోయాడు. తప్పుందంటే నలుపు తప్పని ఒప్పుకున్నట్టు, లేదంటే పెద్దాయన చర్మం ఒలుస్తాడు. ఈలోపు ఎవరో ఫోటోని ఫోనులో తీసి పెద్దాయనకి పంపనే పంపారు. కార్యదర్శి ఫోను మోగింది. అతను చెవికి గట్టిగానే నొక్కిపెట్టుకున్నాడు, కాని మైకులు లేకుండానే సభలు నడిపిన గొంతు అది. “నన్ను ఆ షెడ్లలో వెధవల్లా చేసి గోడకెక్కిస్తార్రా? దించండి దాన్ని” అన్న మాట వెనక వరస దాకా వినబడింది. విలేఖరులు తలలు వంచి రాసుకోసాగారు.

ఫోటోగ్రాఫర్‌ని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అతను పిల్లిలా గోడవారన జారుకుని వీధిలో పడ్డాడు. పడ్డాక మెల్లిగా తెలివొచ్చింది. తనే గెలిచాడు. పెద్దాయన రేసిస్టే, అనుమానం లేదు, సాక్షాత్తూ ఆయన నోటితోనే విన్నాడు. ఆ ముక్క బావమరిదికి చెప్పాలన్న ఆత్రంలో ఇంకో ముక్క చెప్పాల్సి ఉందన్నది మరిచిపోయి బావమరిది ఇంటికి రెండు వీధులు రొప్పుతూ నడిచాడు.

బావమరిది భార్య తలుపు తీసి, “రండి అన్నయ్యగారూ” అంది. రోజూ అనే మాటే గాని ఆ పిలుపులో రోజూ ఉండే నవ్వు లేదు. బావమరిది వసారాలో కూర్చుని రంపానికి ఆకురాయితో పదును పెడుతున్నాడు.

“ఒరేయ్, తేలిపోయిందిరా. ఆయన రేసిస్టే. ఫోనులో అరిచాడు, నా చెవులారా విన్నాను.”

“తెలుసు బావా.”

“అప్పుడే టీవీలో వచ్చేసిందా?”

“టీవీ పెట్టలేదు. ఆయన సంగతి నాకెప్పుడో తెలుసు.”

ఫోటోగ్రాఫర్ తెల్లమొహం వేశాడు. “తెలిస్తే ఇన్నాళ్ళూ కాదని నాతో ఎందుకు వాదించావు?”

బావమరిది రంపం పళ్ళ మీద బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. “ఆ మాట మొదలెడితే కొట్లో ఉన్నవాళ్ళంతా నా మొహం వంక చూస్తారు బావా. నువ్వు చూడవు గాని వాళ్ళు చూస్తారు. నేను కాదని నాలుగు జోకులేస్తే నవ్వేసి వేరే కబుర్లలో పడతారు. పొద్దున కూడా అలాగే అయిపోతుందనుకున్నా.”

ఫోటోగ్రాఫర్ మెట్టు మీద కూలబడ్డాడు. తను గొప్పగా వాదిస్తున్నాననుకున్న ప్రతిసారీ ఎదురుగా ఉన్న మనిషి తల దాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాడన్నమాట.

“మరి ఆ ఫోటో నల్లగా వచ్చిందని నువ్వైనా చెప్పలేదేం?”

“కావాలని చేశావనుకున్నా. అయినా ఫోటో నీది కదా.”

“తప్పయిపోయిందిరా. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.”

“నాకు కోపం లేదు బావా.”

“అయితే రేపు వస్తావా?”

“చూద్దాం” అన్నాడు బావమరిది. చూద్దాం అంటే ఏమిటో ఫోటోగ్రాఫర్‌కి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కాసేపు కూర్చుని, ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి లేచి వచ్చేశాడు.

ఇంట్లో భార్యతో దాచలేక జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చేస్తున్న పని ఆపి వింది. కోప్పడితే కాస్త తేలికపడేవాడు. ఆవిడ కోప్పడలేదు.

“వాడి రంగూ నా రంగూ ఒకటే కదండీ. ఎప్పుడైనా మనం పోట్లాడుకుంటే నన్నూ అంటారా ఆ మాట?”

“అయ్యో, నిన్నెందుకంటాను?”

“వాణ్ణి అంటారని వాడూ అనుకోలేదు” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు స్టూడియోలో అతనొక్కడే ఉన్నాడు. ఖాళీ బల్ల మీద జిగురు చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. గిరాకీలు వచ్చినా గడ్డం పైకి అనడానికి మనసు రాక, ఎలా కూర్చున్నవాళ్ళని అలాగే తీసి పంపిస్తున్నాడు. కార్యదర్శి నుంచి ఫోనొస్తే తిట్లకి సిద్ధపడే ఎత్తాడు. కార్యదర్శి గొంతులో తేనె కారుతోంది.

“ఏమండీ, మీ ఫోటో మా పరువు నిలబెట్టింది. అది పెద్దాయనకి మహా ఇష్టమని పేపర్లవాళ్ళకి చెప్పేశాం. నిన్న ఫోనులో అరిచింది తను కాదనీ, ఎవరో తనలా గొంతు మార్చి మాట్లాడారనీ పెద్దాయన అంటున్నారు. ఇప్పుడు మాకున్న ఆఫీసులన్నిటికీ అదే ఫోటో కావాలి, రంగు మాత్రం మార్చొద్దు. ఫ్రేములు కూడా మీ దగ్గరే కట్టించండి, నిన్నటి ఫ్రేము భలే కుదిరింది.”

“ఫ్రేములు కట్టే మనిషి మానేశాడండీ.”

“అంత మంచి పనివాడు ఎందుకు మానేశాడు?”

“నేనొక మాట అన్నాను.”

“ఏం మాటన్నారేంటి?”

“మీ పెద్దాయన అన్నదే” అన్నాడు ఫోటోగ్రాఫర్.