వాగులో ఇల్లు, గట్టు మీద ఆఫీసు

ఒక పెద్ద అడవిలో పొద్దున తొమ్మిదయింది. తెల్లవారుజామున పట్టిన వాన అప్పుడే తెరిపిచ్చింది. ఇంట్లోకి నీళ్ళొచ్చేయడంతో ముంగిస అచ్చాయమ్మ నలుగురు పిల్లల్నీ ఒక్కొక్కరుగా నోట కరుచుకుని గట్టెక్కించి, వణుకుతూ అడవి సంఘం ఆఫీసు ముందు నిలబడింది.

ఆ ఆఫీసు నెల కిందటి దాకా ఆవిడ సొంత బొరియే. ఇళ్ళ బ్రోకరు ఉడుము వీర్రాజు వచ్చి, అక్కయ్యా, ఈ ఎత్తు మీద ఎంతకాలం ఎక్కి దిగుతావు, కింద చల్లటి ఇసుకలో కొత్తది చూపిస్తానన్నాడు. ఇల్లు మార్పిడి చేయించి, ఆవిడ పాతదాన్ని సంఘం ఆఫీసుకిచ్చి మంచివాడనిపించుకున్నాడు. మూడేళ్ళుగా నీళ్ళు రాక ఆ ఇసుక వాగన్న సంగతి అందరూ మరిచిపోయారు. వీర్రాజు మాత్రం మరవలేదు.

ఆఫీసరు బావురుపిల్లి గారు ఫిర్యాదు విని చాలా జాలిపడ్డారు. కానీ తనిఖీ చేయనిదే తీర్పు లేదు. ఆయనకు పాదాలు తడిస్తే పడదు. కాబట్టి ఎక్కడ నీళ్ళొచ్చాయన్నా, నేల బాగా ఆరాకే తనిఖీకి వెళ్ళడం అక్కడి ఆనవాయితీ.

పది రోజులకు వెళ్ళారు. వీర్రాజు ముందు నడుస్తూ గుప్పెడు పొడి ఇసుక తీసి చూపించాడు. "నీటి జాడ లేదు. పాత ఇంటికన్నా అన్ని విధాలా మేలు" అని ఆకు మీద రాసి, ఆఫీసరు గారు పంజా ముద్ర వేశారు.

అచ్చాయమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"అంత మేలైనదాండీ?"

"నేనే రాశాను కదమ్మా."

"మరి మేమిక్కడ ఉండి, తమరు ఆ పాత కొంపలో కూర్చుంటే ఏం బాగుంటుందండీ? తమరే ఇటు వచ్చేయండి. మేం ఎలాగో సర్దుకుంటాం."

వీర్రాజుకు దగ్గొచ్చింది. వద్దంటే ఇల్లు మంచిది కాదని ఒప్పుకున్నట్టే. "అక్కయ్యది పెద్ద మనసు" అన్నాడు చివరికి, నేల చూస్తూ. ఆఫీసరు గారు మురిసిపోయి, ఇంత మంచి చోటు చూపినందుకు అతన్ని కూడా అందులోనే ఒక గది తీసుకోమన్నారు.

వారం తిరక్కుండా, మధ్యాహ్నం మబ్బు పట్టింది. వాగొచ్చింది. తనిఖీ ఆకులన్నీ వరసగా తేలుతూ పోయాయి.

గట్టు మీద అచ్చాయమ్మ గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకుంది. పెద్దది, నడిపిది, కవలలిద్దరు. నలుగురూ ఇల్లు చేరారు. ఇంకోసారి లెక్కపెట్టింది. నలుగురే. అప్పుడు ఊపిరి పీల్చుకుంది. ఈలోగా గట్టెక్కి వచ్చిన మరో రెండు శాల్తీలను చూసి, ఐదు, ఆరు అనుకుని, కాళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మంది.

నీతి: న్యాయం త్వరగా జరగాలంటే, తీర్పు చెప్పేవారిని అదే ఇంట్లో కాపురం పెట్టించాలి.