సింగపూర్‌లో క్షవరం ఖర్చు

మంగళవారం పొద్దున గంగాధరం వేసుకున్న పథకం చాలా చిన్నది. తిరుమలకెళ్లి గుండు చేయించుకుని, సాయంత్రానికి తిరుపతికి దిగి, చెన్నై బస్సెక్కాలి. శుక్రవారం సింగపూర్‌లో చెల్లెలు జ్ఞానాంబ కూతురి పెళ్లి. మేనమామ ఎత్తుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టందే ఆ పిల్ల పెళ్లి సాగదు.

మరి గుండు దేనికంటారా? టికెట్లు అమ్మినతను అక్కడి ధరలు కాఫీ దగ్గర మొదలుపెట్టి క్షవరం దాకా చెప్పుకొచ్చేసరికి, గిన్నెల అంగడి నడుపుకునే గంగాధరానికి గుండె ఆగినంత పనైంది. ఉండబోయేదేమో నెల రోజులు. అదేదో కొండ మీదే కానిచ్చేస్తే పుణ్యమూ దక్కుతుంది, ఖర్చూ తప్పుతుంది.

"మీసమన్నా ఉంచుకోరాదా? శుభానికి పోతా ఉండారు," అంది భార్య నాగరత్నమ్మ.

"దాన్ని కత్తిరించేదానికీ ఆడ డబ్బులు అడుగుతారే," అన్నాడు గంగాధరం. మీసమూ పోయింది.

సింగపూర్ విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు తెరిచాడు. ఫోటోలో ఒత్తయిన జుట్టు, మెలితిప్పిన మీసం. ఎదురుగా నున్నటి కుండ. ఎందుకింత మారావని, గంగాధరానికీ కాస్తో కూస్తో వచ్చిన తమిళంలో, ఒక ఉద్యోగి చేత అడిగించాడు. మీ ఊళ్లో క్షవరం ఖరీదని గంగాధరం ఉన్నమాట చెప్పాడు. మరి నెల రోజులు ఎలా బతుకుతావన్నారు. ఆయన సంచి విప్పి శెనక్కాయల పొడి, చింతకాయ తొక్కు, రాగిపిండి చూపించి, మీ దేశంలో దమ్మిడీ ఖర్చు పెట్టనని గర్వంగా మాటిచ్చాడు. ఖర్చులకు డబ్బు చూపించందే లోపలికి రానివ్వని దేశమది. దొంగచాటుగా కూలికొచ్చాడనుకుని ఒక గదిలో కూర్చోబెట్టి, చెల్లెలికి కబురుపెట్టారు.

జ్ఞానాంబ పరుగున వచ్చింది. మొక్కు గుండైతే అన్న మీసం ఉంచుకుంటాడు. రెండూ తీయించుకున్నాడంటే కన్నతండ్రి పోయినట్టే. "నాయనా, నన్ను ఇడిసిపెట్టి పోయినావా," అంటూ కూలబడింది. ఆ ఏడుపుకు అధికారి మనసు కరిగింది. దుఃఖంలో ఉన్నవాణ్ణి అనుమానించామని నొచ్చుకుని గబగబా ముద్ర వేసేశాడు. నాయన నిక్షేపంగా ఉన్నాడంటే ఆ ముద్ర ఎక్కడ రద్దు చేస్తారోనని గంగాధరం నోరు మెదపలేదు.

బయటికొచ్చి చెప్పబోయేలోగా, మైలలో పెళ్లి చేయలేమని జ్ఞానాంబ వియ్యాలవారికి ఫోన్ చేసేసింది. ఆ తర్వాత ఎంత చెప్పినా నమ్మదే! పెళ్లి ఆగిపోతుందని అన్న నిజం దాస్తున్నాడని ఇంకా ఏడ్చింది. మేనకోడలి పెళ్లి చేతులారా చెడగొట్టానని గంగాధరానికీ ఏడుపొచ్చింది.

చివరికి ఆమే చంద్రగిరిలో ఉన్న పుట్టింటికి ఫోన్ కలిపింది. లైను గరగరమంటోంది. ఎవరో పలికారు గానీ గొంతు పోల్చుకోలేకపోయింది.

"నాయనా, నువ్వేనా? బాగుండావా?"

"నాకేం. ఈ ఫోనుకు నిమిషానికి ఎంత అవతాది?"

జ్ఞానాంబ చెప్పింది.

"నేను బతికుండానని తెలుసుకునేదానికి అంత పోస్తారా? పెట్టేయ్," అని ఆ మనిషి తనే పెట్టేశాడు.

జ్ఞానాంబ కళ్లు తుడుచుకుంది. "నాయనే," అంది, కడుపు నిండినట్టు. వెంటనే వియ్యాలవారికి మళ్లీ ఫోన్ చేసింది.

శుక్రవారం మేనమామ పెళ్లికూతుర్ని ఎత్తుకొచ్చాడు. ఫోటోల్లో అందరూ నవ్వుతున్నారు. గంగాధరం ఒక్కడే, ఆ ఫోన్ల ఖర్చు తననేమైనా అడుగుతారా అన్నట్టు బావ వైపు చూస్తున్నాడు.