గోల లేని గోల్

ఆ శనివారం పొద్దున గ్విలిమ్ ప్రాసర్ అనుకున్నది ఒక్కటే: వియ్యంకుడితో కలిసి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్ళడం, నోరు మూసుకుని కూర్చోవడం, రాత్రి రైలుకు వేల్స్‌లోని తన ఊరికి తిరిగి వెళ్ళిపోవడం. కూతురు ఎలేరి పెళ్ళి ఇంకా మూడు వారాలుంది. ఆ ఏర్పాట్లు మాట్లాడడానికే ముందురోజు మగపెళ్ళివారి ఊరు హేజిల్‌డెన్‌కు వచ్చాడు. "అక్కడ మీ రగ్బీ గొప్పలు మొదలుపెట్టకండి. కుదిరిన సంబంధం చెడగొట్టుకుని రాకండి" అని భార్య రైలెక్కేదాకా చెబుతూనే ఉంది.

నిజానికి గ్విలిమ్‌కు తను నోరు మూసుకోవడం కంటే ఇతరుల చేత మూయించడం బాగా వచ్చు. ముప్పై ఏళ్ళుగా ఊరి చర్చిలో మగవాళ్ళ పాటల బృందాన్ని నడిపిస్తున్నాడు. రెండు చేతులూ పైకెత్తాడంటే అరవై గొంతులు టక్కున ఆగిపోతాయి. పాపం, తన గొంతు మాత్రం ఫలహారం బల్ల దగ్గరే జారింది.

"మా రగ్బీలో రెండు జట్ల వాళ్ళమూ పక్కపక్కనే కూర్చుంటాం బావగారూ. చేతిలో బీరు గ్లాసు. అవతలివాడు బాగా ఆడితే వాడికీ చప్పట్లు కొడతాం. ఎవడైనా గోల్ కోసం బంతి తన్నబోతున్నాడంటే డెబ్బైవేల మందీ ఊపిరి బిగపట్టుకుంటారు. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది."

వియ్యంకుడు నార్మన్ టాటర్సాల్ బస్సు డిపోలో పనిచేసి రిటైరైనవాడు. నలభై ఏళ్ళుగా హేజిల్‌డెన్ రోవర్స్ జట్టును తిడుతూ ప్రేమిస్తున్నవాడు. టీ కప్పు కింద పెట్టాడు.

"అది ఆటస్థలం కాదు బావగారూ, ఆసుపత్రి. మీ ఆటలో ముప్పైమంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి మైదానంలోనే కుమ్ముకుంటారు. చూసేవాళ్ళకి ఇంక పనేముంది? మావాళ్ళు గాలి తగిలితే చాలు, పడి దొర్లుతారు. ఆ కొట్లాటేదో మేమే పడాలి కదా!"

"రిఫరీని తిడతారటగా? మా ఆటగాళ్ళు ఆయన్ని 'సార్' అని పిలుస్తారు."

"మేమూ పిలుస్తాం. ఏమని పిలుస్తామో మీరే వింటారుగా! కానీ ఒక్క మాట. ఇవాళ గెలవకపోతే మేం కింది లీగుకి పడిపోతాం. నేను చప్పట్లు కొడితే మీరూ కొట్టండి. నేను తిడితే మీరూ తిట్టండి. సొంతంగా మాత్రం ఏమీ చెయ్యకండి."

గ్విలిమ్ మాటిచ్చాడు. మాట మీద నిలబడాలనే ఉద్దేశం కూడా గట్టిగానే ఉంది.

మైదానం దగ్గర మొదటి చిక్కు బీరుతో వచ్చింది. గ్లాసు పట్టుకుని సీటు వైపు నడుస్తుంటే పసుపు కోటు వేసుకున్న కాపలా అమ్మాయి అడ్డం నిలబడింది. "ఇక్కడే తాగెయ్యండి తాతా. మైదానం కనిపించే చోట తాగకూడదు." ఆట చూస్తే తాగబుద్ధేసే జట్టు కాబట్టి ఆ నియమం పెట్టారేమో అనుకుని, గ్విలిమ్ గ్లాసెడూ గటగటా తాగేశాడు. ఆ బీరు తలలోనూ చేతుల్లోనూ కొంచెం హుషారు నింపింది.

సీట్లలో చుట్టూ రెండువేల మంది రోవర్స్ మనుషులే. ప్రత్యర్థి జట్టు క్రాస్‌ఫర్డ్ టౌన్ కోసం వచ్చిన నాలుగొందల మందిని అవతలి గోల్ వెనక వేరుగా, కంచె కట్టి కూర్చోబెట్టారు. ఆట మొదలైన పావుగంటలోనే రిఫరీ పుట్టుక గురించీ, కంటిచూపు గురించీ గ్విలిమ్ బోలెడంత తెలుసుకున్నాడు. అన్నీ పాటలుగానే పాడారు. శ్రుతి మాత్రం ఎక్కడా తప్పలేదని ఒప్పుకోక తప్పలేదు.

ఇరవయ్యో నిమిషంలో క్రాస్‌ఫర్డ్ కుర్రాడొకడు ముగ్గుర్ని తప్పించుకుని, వంపు తిరిగే దెబ్బతో బంతిని గోల్ మూలకు పంపాడు. ఎంత ముచ్చటైన గోల్! గ్విలిమ్ లేచి నిలబడ్డాడు. "శభాష్ అబ్బాయీ! ఏం కొట్టావయ్యా!" అంటూ చప్పట్లు కొట్టాడు.

ఆ వైపంతటికీ వినిపించినవి ఆ రెండు చేతులే.

"ఎవడ్రా వీడు?" అన్నాడు వెనక వరసలోని బట్టతలాయన.

"క్రాస్‌ఫర్డ్ వాడు దొంగతనంగా మన మధ్యకొచ్చి కూర్చున్నాడ్రోయ్!"

నార్మన్ ముక్కు దాకా మఫ్లర్ లాక్కున్నాడు. పసుపు కోటు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "తాతా, ఇక్కడుంటే మీకే మంచిది కాదు. రండి."

"నేను వీళ్ళ వియ్యంకుణ్ణమ్మా! అడుగు, ఈయన్నే అడుగు!"

"ఈయన మీకు తెలుసాండీ?"

నార్మన్ అటూ ఇటూ చూశాడు. నలభై ఏళ్ళుగా పక్కన కూర్చుంటున్న మొహాలన్నీ తన మొహాన్నే చూస్తున్నాయి.

"చూసిన మనిషిలా లేడమ్మా" అన్నాడు మఫ్లర్‌లోంచి.

అమ్మాయి గ్విలిమ్ పేరూ, ఊరూ, చిరునామా పుస్తకంలో రాసుకుని, మైదానం చుట్టూ నడిపించుకెళ్ళి క్రాస్‌ఫర్డ్ వాళ్ళ కంచె లోపల వదిలింది. అక్కడ నాలుగొందల మందీ లేచి స్వాగతం పలికారు.

"రెండువేల మంది మధ్య ఒంటరిగా చప్పట్లు కొట్టాడు! అదీ గుండె అంటే!" అంటూ డోరీన్ అనే భారీ మనిషి తన నీలం మఫ్లర్ తీసి అతని మెడలో వేసింది. "ఏ వీధి అన్నా మనది?"

"వేల్స్" అన్నాడు గ్విలిమ్ బిక్కుబిక్కుమంటూ.

"వేల్స్ నుంచి వచ్చాడంటర్రా! మన కోసం!" మళ్ళీ కేకలు. అరగంటలో అతని మీద పాట కూడా కట్టేశారు. రెండో సగంలో రోవర్స్ ఒక గోల్ కొట్టి సమం చేసినప్పుడు అతను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుందనగా రోవర్స్‌కు పెనాల్టీ దొరికింది. అదీ సరిగ్గా క్రాస్‌ఫర్డ్ వాళ్ళ ముందున్న గోల్‌కే. తన్నబోయేవాడు పందొమ్మిదేళ్ళ పిల్లవాడు, మొహం పాలిపోయి ఉంది. అది పడితే రోవర్స్ బతుకుతుంది, లేకపోతే లేదు. గ్విలిమ్ చుట్టూ నాలుగొందల మంది ఊళలు, ఈలలు, అరుపులు.

బంతి తన్నేవాడి మీద అరవడమా! డెబ్బైవేల మందిలో ఒకడిగా నోరు మూసుకున్న మనిషి, ఇది మాత్రం ఓర్చుకోలేకపోయాడు. సీటు మీదికెక్కి రెండు చేతులూ పైకెత్తాడు. "ష్‌ష్! పిల్లాడు బంతి తంతున్నాడు!"

పాటలో ఉన్న వీరుడు చెప్పాడంటే ఏదో ఎత్తుగడే అయ్యుంటుందనుకున్నారు క్రాస్‌ఫర్డ్ వాళ్ళు. అందరూ టక్కున ఆగిపోయారు. అవతల రోవర్స్ వాళ్ళు ఏమైందో తెలియక వాళ్ళూ ఆగిపోయారు. ఊరి చివర రైలు కూత స్పష్టంగా వినిపించింది.

రిఫరీ ఈల ఊదాడు. అప్పటిదాకా వీపు వెనక మోగుతున్న సొంత మనుషులకు ఏ ఆపద వచ్చిందోనని క్రాస్‌ఫర్డ్ గోల్‌కీపర్ తల వెనక్కి తిప్పాడు. అదే క్షణంలో బంతి అతని పక్కనుంచి నింపాదిగా లోపలికి వెళ్ళిపోయింది.

"ఒరే ద్రోహీ!" అంటూ డోరీన్ మఫ్లర్ లాగేసుకుంది. పసుపు కోటు అమ్మాయి మళ్ళీ పరుగున వచ్చి, "మీతో పెద్ద పనైపోయింది తాతా!" అని రొప్పుతూ అతన్ని ఇవతలికి తెచ్చింది.

రోవర్స్ వైపు అప్పుడే ఒకడు సీటెక్కి అరుస్తున్నాడు. "మా బావగారు! నా కొడుక్కి పిల్లనిస్తున్నది ఆయనే! చేతులెత్తి వాళ్ళ నోళ్ళు మూయించాడు, చూశారా!" అది నార్మన్. ఇందాకటి బట్టతలాయన గ్విలిమ్‌ను కావలించుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. నలభై ఏళ్ళ రగ్బీలో పక్కసీటువాళ్ళు అతనితో చెయ్యి కలిపారే గానీ, ముద్దు ఎవరూ పెట్టలేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సమయం అయిపోయినా ఆట ఆగడం లేదు. క్రాస్‌ఫర్డ్ వాళ్ళు మళ్ళీ మీదికొస్తున్నారు.

"ఊదవయ్యా ఈల!" అని ఎవరో గావుకేక పెట్టారు. "కళ్ళు ఇంట్లో మర్చిపోయొచ్చావా, గుడ్డి సన్నాసీ!"

ఆ గొంతు తనదేనని గ్విలిమ్‌కు కాస్త ఆలస్యంగా తెలిసింది. నార్మన్ గర్వంగా అతని భుజం తట్టాడు.

ఆ ఒక్క గోల్ ఆధిక్యంతోనే రోవర్స్ గట్టెక్కింది. స్టేషన్‌కు వెళ్ళే దారిలో నార్మన్ నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. "ఇందాక... తెలీదన్నాను బావగారూ. సిగ్గుగా ఉంది. ఏం చేస్తే పోతుందో చెప్పండి."

"పెళ్ళిలో మా బృందం గంటసేపు పాడుతుంది. మీవాళ్ళు కదలకుండా వినాలి."

"గంటా!" నార్మన్ మొహం పెనాల్టీ పిల్లవాడి మొహంలా పాలిపోయింది. "సరే. వింటాం."

వారం తిరక్కుండా క్రాస్‌ఫర్డ్ టౌన్ క్లబ్బు నుంచి గ్విలిమ్‌కు ఉత్తరం వచ్చింది. జీవితాంతం తమ మైదానంలో అడుగు పెట్టకూడదని నిషేధం. నేరం అన్న చోట ఒకే ముక్క టైపు చేసి ఉంది: "ప్రేక్షకులను నిశ్శబ్దానికి రెచ్చగొట్టుట."