గ్రిల్లు స్థానంలో ఏలియా

పగిలినచోట ఫొటోలు తీయించాలి, ఇన్సూరెన్సు క్లెయిము వేయాలి, సర్వేయరు వచ్చి చూసేదాకా కారు కడగకూడదు, కారు ముందుండే గ్రిల్లు కొత్తది వచ్చేవరకు ఆ ఖాళీలో డ్రైవరును బిగించాలి. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి.

విజయవాడ హైవే పక్కనున్న సర్వీసు సెంటరుకు సలోమి వచ్చేసరికి ఆమె భర్త ఏలియాను రెండు హెడ్‌లైట్ల మధ్య అడ్డంగా, ముఖం రోడ్డువైపు పెట్టి, క్లిప్పులతో బిగించేశారు.

"నొప్పిగా ఉందా అయ్యా?"

"కదలకపోతే లేదు. నువ్వు అరవమాక, సారున్నారు."

సారంటే కారు యజమాని తాతారావు గారు. పక్కింటి గేటును గుద్దింది ఆయనే. ఆ రోజు ఏలియాకు సెలవు.

"గుద్దింది మీరైతే మా ఆయన్ని బిగిస్తారేంటండీ?"

"నేను ముందు వేలాడితే వెనక సీట్లో ఎవరు కూర్చుంటారమ్మా?" అన్నారాయన, నిజంగానే ఆలోచించి. నడపడానికి వేరే డ్రైవరును అప్పటికే పెట్టుకున్నారు.

మేనేజరు ఓపికగా వివరించాడు. "పెట్రోలు బండైతే ఇంజినుకూ గాలి కావాలి, ఇద్దరికీ గొడవ. ఇది ఎలక్ట్రిక్ బండమ్మా. వచ్చే గాలంతా మీ ఆయనదే."

"గాలే అక్కర్లేని బండికి గ్రిల్లెందుకు?"

"ముఖం లేకుండా రోడ్డెక్కితే సారుకు నామోషీ కదా!"

సలోమి రోజూ పొద్దున్నే సారింటికి వెళ్లి ఏలియాకు ఇడ్లీ తినిపించేది, కళ్లలో పడ్డ పురుగులు తీసేది. దసరాకు సారు భార్య కారుకు పూజ చేసి, ఏలియా నుదుట కుంకుమ పెట్టి, మెడకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది.

"మేం చర్చికెళ్లేవాళ్లమండీ," అన్నాడు ఏలియా.

"బండికి మతమేంటయ్యా," అందావిడ.

చివరికి గ్రిల్లు వచ్చింది. ఉతికిన చొక్కా పట్టుకుని సలోమి సర్వీసు సెంటరుకు పరుగెత్తింది. తాతారావు గారు పెట్టెలో ఉన్న పార్టును చూశారు, ఏలియాను చూశారు.

"ఇది ఉత్త ప్లాస్టిక్కు. వీడైతే గేదె అడ్డొస్తే హోయ్ అని అరుస్తాడు. ఉన్నది బాగానే ఉందిగా, పార్టు వెనక్కి పంపించేయండి."

సలోమికి ఒళ్లు మండిపోయింది. బల్ల మీది స్క్రూడ్రైవరు తీసుకుని మొదటి క్లిప్పులోకి దూర్చింది.

"మీరు చేయి పెడితే వారంటీ పోతుందమ్మా," అన్నాడు మేనేజరు.

"ఎవరి వారంటీ?"

"ఆయనదే. రేపు జబ్బు చేస్తే మాకు సంబంధం ఉండదు."

"చెయ్యి తీసేయ్ సలోమీ," అన్నాడు ఏలియా. "పనన్నా ఉంది కదా."

ఆమె స్క్రూడ్రైవరును బల్ల మీద విసిరికొట్టింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. మేనేజరు వైపు తిరిగింది.

"తుఫానంటున్నారు. హెల్మెట్టయినా పెట్టండి."

"పెడితే ముఖం కనపడదు కదమ్మా."

ఇప్పుడు సిగ్నళ్ల దగ్గర అలాంటి కార్లు చాలానే ఆగుతున్నాయి. ఎవరూ వింతగా చూడడం లేదు. కారు పేరు, ధర, ఒక్క ఛార్జింగుతో ఎంత దూరం పోతుందో అందరూ చెబుతారు. తాతారావు గారి కారు ముందు బిగించి ఉన్న మనిషి పేరు గోవాడ ఏలియా. దయచేసి గుర్తుంచుకోండి.