సర్వర్‌కు ప్రాణప్రతిష్ఠ

"సెకనుకు పది లక్షల ఫైళ్లు నమిలే సర్వర్‌ను ప్రజలకు అంకితం చేస్తున్నా!" అని మంత్రిగారు ప్రకటిస్తుండగా నెత్తిమీదుగా విమానం పోయింది. సగం మాట వినబడలేదు. వినబడిన సగానికే చప్పట్లు మోగాయి.

నాది శంషాబాద్‌లో టెంట్ హౌస్. షామియానా, మూడు వందల కుర్చీలు, ఆరు కూలర్లు, సీరియల్ బల్బులు నావే. సభ గొప్పతనాన్ని నేను కుర్చీల్లో కొలుస్తాను. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. గొప్ప సభే.

గగన్‌పహాడ్‌లోని పాత గోదాము అద్దాల గదిగా మారింది. లోపల నిలువెత్తు నల్ల పెట్టెలు నాలుగు. జాలీ తలుపుల వెనక ఎర్ర, పచ్చ దీపాలు మినుకుమంటున్నాయి. కంపెనీల సరుకు లెక్కలు, కార్గో, పింఛన్లు అన్నీ ఇక క్షణంలో తేలిపోతాయట.

టెక్నాలజీ అంటే మంత్రిగారికి అపారమైన భక్తి. చెప్పులు విప్పి లోపలికెళ్లారు. ప్రతి పెట్టెకూ బొట్టు పెట్టి, నిమ్మకాయలు కట్టించారు. గుమ్మడికాయ ఎత్తగానే ప్రాజెక్టు డైరెక్టర్ వీరేందర్‌గారు అడ్డుపడ్డారు.

"సార్, లోపల తడి తగలకూడదు."

"గట్లనా? బయట కొడ్దాం. సైన్స్ మాట వినాలె!"

విలేకరులు రాసుకున్నారు.

అప్పుడే సత్తెమ్మ ముందుకొచ్చింది. మా వీధిలో పిండి గిర్ని నడిపే ముసలామె. రికార్డుల ప్రకారం ఆమె చనిపోయి ఎనిమిది నెలలు. పింఛను ఆగిపోయింది. బతికే ఉన్నానని చెప్పుకోవడానికి ఆఫీసుకు పోయిన ప్రతిసారీ 'సర్వర్ డౌన్' అని పంపించారు.

మంత్రిగారు ఆమె భుజంమీద చెయ్యి వేసి కెమెరా వైపు తిరిగారు.

"అవ్వా, కొత్త సర్వర్ వచ్చింది. ఇగ నీ పరేషాన్ ఖతం. ముట్టుకొని చూడు."

ఆమె ముట్టుకుంది. పక్క పెట్టెను కూడా ముట్టుకుంది.

"సల్లగున్నది సారూ."

"ఏసీ! పద్దెనిమిది డిగ్రీలు," అన్నారు డైరెక్టర్ గర్వంగా.

"నా గిర్ని మోటరు పావుగంట తిరిగితే చెయ్యి పెట్టనియ్యది. గిది పది లక్షల ఫైళ్లు నములుతున్నదంటిరి. జర గూడ ఎచ్చగ లేదేంది?"

"హై పర్ఫార్మెన్స్ కదమ్మా. దీనికి అలుపు రాదు."

"ఏమో. నా చెయ్యి పట్టుకోర్రి. ఎచ్చగున్నదా?"

డైరెక్టర్ పట్టుకుని చూశారు. "ఉందమ్మా."

"మరి నన్ను సచ్చినోళ్లల్ల ఎందుకు రాసిండ్రు?"

"ఆ విషయం సర్వర్ చెప్పాలి. మేం చెప్పకూడదు."

సర్వర్ దివ్యంగా పనిచేస్తోందని మంత్రిగారు అక్కడే సర్టిఫికెట్‌మీద సంతకం పెట్టి, విమానం టైమైందని వెళ్లిపోయారు.

సాయంత్రం సామాను లెక్క చూసుకున్నాను. కూలర్లు సరిపోయాయి. కుర్చీ ఒకటి తక్కువ.

"సార్, రేపు జల్‌పల్లిలో పెండ్లి ఉన్నది. నా సీరియల్ బల్బులు ఇప్పించుండ్రి."

డైరెక్టర్ మొదటి పెట్టె తలుపు తీశారు. నా బల్బులు తప్ప లోపల ఇంకేమీ లేదు.

"ఫేజ్ వన్‌లో పెట్టెలకే శాంక్షన్. యంత్రాలు ఫేజ్ టూలో," అన్నారాయన, బల్బులు విప్పబోయి ఆగి. "గురువారం ఢిల్లీ నుంచి టీము వస్తోంది. ఇంకో పదిరోజులు ఉంచండి. డబుల్ కిరాయి."

లెక్క కుదిరింది. తలుపు నేనే మూశాను.

తక్కువైన కుర్చీ గేటు దగ్గర దొరికింది. దానిమీద సత్తెమ్మ ఉంది.

"బిడ్డా, లోపల దీపాలు ఎలుగుతున్నయా?"

"ఎలుగుతున్నయ్ అవ్వా."

"గట్లయితే నా పేరు ఎక్కుతది."

"ఎక్కుతది. జర లే, కుర్చీ కావాలె."

లేచింది. మూడు వందలూ సరిపోయాయి.