వరమ్మగారి పెట్టెలో మబ్బుల సరంగు

బాపట్ల బస్సు డిపోలో గుమాస్తా శాలేమురాజుకి నలభై దాటాయి. అయినా ఆకాశం మబ్బు పట్టిందంటే చాలు, ఫైలు మూసేసి కిటికీ దగ్గరికెళ్లి నిలబడతాడు. వానొస్తుందని కాదు. ఆ మబ్బు మీద పడవేమైనా వస్తుందేమోనని.

ఆ పడవ పిచ్చి ఆయనకి చేబ్రోలులో అంటుకుంది. చిన్నతనంలో అక్కడి సెలూన్ బల్ల మీద 'మబ్బుల సరంగు' అనే బొమ్మల కథల పుస్తకాలు పడి ఉండేవి. తెనాలిలో ఒక చిన్న అచ్చాఫీసువాళ్లు నెలకొకటి వేసేవారు. అందులో ఓ సరంగు. తన ఏరు ఎండిపోయిందని అలిగి, పడవని మబ్బుల మీదికెక్కించి, తెడ్డేసుకుంటూ ఊళ్ల మీదుగా పోతుండేవాడు. ఆ కథ కోసం శాలేమురాజు జుట్టు పెరగకముందే క్షవరానికి పరిగెత్తేవాడు. బళ్లో అందరూ ఆయన్ని గుండురాజు అనేవారు.

సరంగు చివరికి కిందికి దిగాడా లేదా అన్నది తేలకముందే, పంతులైన వాళ్ల నాన్నకి బదిలీ అయింది. ఆ తర్వాత అచ్చాఫీసూ మూతబడింది. అప్పట్నించీ ఆ పడవ శాలేమురాజు తల మీదే తిరుగుతోంది.

రెండువేల మూడు వచ్చేసరికి బాపట్ల, పొన్నూరు, తెనాలిలో పాతకాగితాల కొట్లన్నీ గాలించేశాడు. డిపో మనిషి కాబట్టి బస్సుకి ఖర్చు లేదు. పుస్తకాలు తూకం లెక్కన వస్తాయి కాబట్టి వాటికీ పెద్ద ఖర్చు లేదు. ఖర్చయ్యేదల్లా భార్య రూబీ ఓపిక ఒక్కటే.

రూబీ కర్లపాలెం బడిలో టీచరు. రోజంతా పిల్లల్ని సర్ది ఇంటికొస్తే, బీరువాలో చీరల కింద సరంగు, కుట్టుమిషను మీద సరంగు, బియ్యం డబ్బా మూత తీస్తే సరంగు.

"ఏవండీ, పొద్దున బియ్యంతో పాటు మీ సరంగు కూడా ఎసట్లో పడబోయాడు."

"అయ్యో! ఏ పుస్తకం?"

"అన్నం ఏమైందని అడగరేం?"

"అన్నం మళ్లీ వండుకోవచ్చు రూబీ. పుస్తకం మళ్లీ అచ్చవదుగా."

"అయితే మీకు పుస్తకమే వడ్డిస్తాను. నంచుకోడానికి గోంగూర వెయ్యమంటారా?"

శాలేమురాజు, గోంగూర మరక అట్ట మీద పడితే పోదు కదా అని ఆలోచిస్తున్నాడు.

అలాంటి రోజుల్లో తెనాలి నుంచి కబురొచ్చింది. పంపింది పాతకాగితాల కొట్టు మత్తయి. ఎదుటివాళ్ల మాటలు కూడా తూచి తీసుకునే రకం కాబట్టి అందరూ ఆయన్ని తూకం మత్తయి అంటారు. శాలేమురాజు మొదటి బస్సుకే తెనాలి వెళ్లి కొట్లో వాలాడు.

"రాజన్నా, నా కొట్లో ఇక లేవు. రేపల్లెలో వరమ్మగారని ఒకావిడ ఉంది. ఆవిడ దగ్గర పెట్టెడున్నాయి. ఆఖరి పుస్తకంతో సహా."

శాలేమురాజు కాళ్ల కింద తెనాలి మెత్తగా మబ్బులా అయిపోయింది.

"అమ్ముతుందా?"

"నేను రెండుసార్లు వెళ్లా. రెండుసార్లూ మజ్జిగిచ్చి పంపింది."

బస్సులో వెనక్కొస్తూ శాలేమురాజు కిటికీకి తల ఆనించి ఆలోచించాడు. బయట చేలల్లో నీళ్లు, నీళ్లల్లో ఆకాశం. ఆ ఆకాశంలో ఒక ఉపాయం తేలుతూ వచ్చి ఆయన ఒళ్లో పడింది. ఆయనకొచ్చే ఉపాయాలన్నీ అక్కణ్ణించే వస్తాయి. అందుకే ఒక్కటీ నేల మీద నిలబడదు.

"చెదలు!" అన్నాడు ఇంట్లో అడుగు పెడుతూనే.

"చెప్తూనే ఉన్నాగా పడతాయని. ఎక్కడ?" అని చీపురు అందుకుంది రూబీ.

"మనింట్లో కాదు. వరమ్మగారింట్లో. చెదలు పట్టాయని మనం చెప్తాం. ఆవిడ భయపడి పెట్టె వదిలించుకుంటుంది. పాతకాగితం ధరకి మనం తెచ్చుకుంటాం."

"ముసలావిడకి అబద్ధం చెప్తారా? అదీ ఆదివారం పూట?"

"ఆరాధన అయ్యాకే వెళ్దాం."

రూబీ చీపురు కింద పెట్టి మొగుణ్ణి తేరిపార చూసింది. "ఇందులో నేనేం చెయ్యాలి?"

"నువ్వు నా అసిస్టెంటువి. నేనేమన్నా అవునన్నట్టు తల ఊపు, చాలు."

"పెళ్లయినకాడినుంచీ చేస్తున్నది అదేగా. మళ్లీ అంత దూరం ఎందుకు?" అంది కానీ, ఆదివారం మంచి చీర కట్టుకుని బయల్దేరింది. అంత గొప్ప ఉపాయం ఎలా కూలుతుందో దగ్గరుండి చూడకపోతే ఆవిడకి నిద్ర పట్టదు.

అది ఆషాఢం. చెరుకుపల్లి దాటాక రెండు పక్కలా నారుమళ్లు పచ్చగా అలలు పోతున్నాయి. పైన తెల్లటి మబ్బులు సముద్రం వైపునుంచి తీరిగ్గా వస్తున్నాయి. బస్సు రోడ్డు మీద పోతున్నట్టు లేదు శాలేమురాజుకి. కండక్టరు టికెట్టు టికెట్టు అంటుంటే, తెడ్డు తెడ్డు అన్నట్టు వినబడింది.

వరమ్మగారిది రేపల్లె చివర చిన్న డాబా ఇల్లు. వెనకంతా చేలు. డెబ్బై దాటిన మనిషి, చేతిలో విసనకర్రతో వాకిట్లోనే కూర్చుని ఉంది.

"అమ్మా, మేం చెదల శాఖ నుంచి వచ్చామండి."

"చెదలకి కూడా శాఖ ఉందా నాయనా?"

"కొత్తగా పెట్టారండి."

"జీతం బాగా ఇస్తారా?"

"ఇవ్వరండి. ఈయనే ఎదురు పెట్టుకుంటారు," అంది రూబీ.

శాలేమురాజు భార్య కాలు తొక్కి లోపలికి నడిచాడు. గోడలు చూశాడు, దూలం లేని డాబాలో దూలాలు చూశాడు, చివరికి ఏమీ ఎరగనట్టు ఇనప్పెట్టె దగ్గర ఆగాడు. వరమ్మగారు మూత తీసింది.

నాఫ్తలీన్ వాసన మధ్య, నీలం మబ్బు మీద, సరంగు. చేతిలో అదే తెడ్డు. మీసం కింద అదే నవ్వు. ముప్పై ఏళ్లలో అతనికి ఒక్క వెంట్రుకా నెరవలేదు. శాలేమురాజు చెయ్యి తెలియకుండానే తన బట్టతల మీదికి వెళ్లింది.

"ఏంటి నాయనా, ఆ చూపేంటి? అంత ఎక్కువగా పట్టాయా?"

"చాలా ఎక్కువండి. మా అసిస్టెంటుని అడగండి."

రూబీ తల ఊపింది. అడ్డంగా.

"ఆవిడ కొత్తలెండి," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "అమ్మా, ఈ పెట్టె ఇంట్లో ఉంటే ఇల్లే కూలిపోతుంది. మేం పట్టుకెళ్లి తగలబెట్టేస్తాం. పాతకాగితం కింద మీకేదో ఇప్పిస్తాలెండి."

తగలబెట్టడం అన్న మాటకి వరమ్మగారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఆ ముఖం చూసి శాలేమురాజు మాట వెనక్కి తీసుకుందామనుకున్నాడు. అంతలో ఆవిడే లేచింది.

"తగలబెట్టడమెందుకు? చెదలకి ఎండే మందు. పదండి, డాబా మీద ఆరేద్దాం."

"అది... శాఖ ఒప్పుకోదండి."

"నా డాబాకి మీ శాఖ ఒప్పుకునేదేంటి?"

పుస్తకాలన్నీ శాలేమురాజే మోశాడు. డాబా మీద వరసగా పరిచాడు. అన్నిట్లోకీ లావుపాటిది, ఆఖరి పుస్తకం, వరమ్మగారు రూబీ చేతిలో పెట్టింది. "దీన్ని మాత్రం నువ్వు పట్టుకో తల్లీ. ఇది పోతే నాకు కథే పోతుంది."

శాలేమురాజు చెయ్యి చాచేలోపల గాలొచ్చింది.

పుస్తకాల పిన్నులు తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయాయి. ఆషాఢపు గాలి ఒక్కసారి తోసేసరికి అట్టలు లేచాయి, వాటి వెనక కాగితాలు లేచాయి. నీలం మబ్బులూ ఎర్ర తెరచాపలూ రేపల్లె మీద పైకి, ఇంకా పైకి పోయాయి. నిజం మబ్బు కింద అచ్చు మబ్బులు. ఎటు చూసినా సరంగు తెడ్డేసుకుంటూ పోతున్నాడు. శాలేమురాజు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. జీవితమంతా కిటికీ దగ్గర నిలబడి ఆయన చూడాలనుకున్నది అదే.

"ఏవండీ! చూసింది చాలు, పట్టుకోండి!" అని అరిచింది రూబీ.

అప్పుడు పరిగెత్తాడు. వీధిలో రెండు దొరికాయి. పక్కింటి దండెం మీద లంగాకి అంటుకున్నది తియ్యబోతే, ఆ ఇంటి కొండమ్మగారు రోకలి తీసుకుని వచ్చింది. అక్కణ్ణించి నారుమడిలోకి దూకాడు. మోకాళ్ల దాకా దిగబడ్డాడు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

బురదలోంచి తేలి చూసేసరికి, కాలవలోంచి అప్పుడే లేచిన గేదె తడి వీపు మీద ఒక కాగితం అతుక్కుని ఉంది. ఆయన చిన్నప్పుడు చదవని పేజీ. గేదె నడవడం మొదలెట్టింది. శాలేమురాజు దాని పక్కనే నడుస్తూ చదవడం మొదలెట్టాడు. సరంగు పడవకి చిల్లు పడింది. చుక్కలు ఒక్కొక్కటే లోపలికి వస్తున్నాయి. పడవంతా వెలుగు. శాలేమురాజు తల ఇంకా దగ్గరికి వంచాడు. ఆ తర్వాతి బొమ్మని గేదె తోకతో కొట్టేసింది.

"కాస్త ఆగవే తల్లీ, ఒక్క బొమ్మ!" అని బతిమాలాడు.

డాబా మీద నుంచి వరమ్మగారు ఇదంతా చూస్తోంది.

"ఏంటమ్మాయ్, చెదల కోసం వచ్చిన మనిషి చదువుతున్నాడేంటి?"

రూబీ పుస్తకంలోంచి తలెత్తి నవ్వాపుకోలేక పిట్టగోడ మీద కూలబడింది.

శాలేమురాజు ఒంటి చెప్పుతో, బురదతో, చంకనిండా కాగితాలతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పేశాడు. చెదలు అబద్ధం, శాఖ అబద్ధం, సరంగు ఒక్కడే నిజం.

"కావాలంటే అడగొచ్చుగా నాయనా."

"అడిగితే ఇవ్వరని..."

"ఇవ్వను. మజ్జిగన్నా ఇచ్చేదాన్నిగా," అని లోపలికెళ్లి నిజంగానే మజ్జిగ తెచ్చింది.

మజ్జిగ తాగుతుంటే ఆవిడ చెప్పింది. వాళ్లాయన తెనాలి అచ్చాఫీసులో ఆ పుస్తకాలు మడిచి పిన్నులు కొట్టేవాడట. శనివారం రైల్లో ఇంటికొస్తూ కొత్తది చొక్కాలో పెట్టుకుని తెచ్చేవాడట. ఆవిడకి అక్షరాలు రావు. ఈ వాకిట్లోనే కూర్చుని ఆయన చదివితే వినేది. సరంగు గొంతుకి ఒక రకంగా, కాకుల గొంతుకి ఇంకో రకంగా.

"మొదటి పుస్తకాలు ఎవరెవరో చదివి ఇస్తామని పట్టుకెళ్లి మళ్లీ ఇవ్వలా. మిగతావి గుర్తున్నాయి గానీ, ఆ మొదట్లోవే... ఏరు ఎండినప్పుడు అతను ఎవరి మీద అలిగాడో కూడా మర్చిపోయా."

"మొసలి మీదండి!" అన్నాడు శాలేమురాజు ఉత్సాహం ఆపుకోలేక. "అవన్నీ నా దగ్గరున్నాయి. మొదటినుంచీ, ఒక్కటీ తప్పకుండా!"

వరమ్మగారి కళ్లు పెద్దవయ్యాయి. రూబీ కళ్లు ఇంకా పెద్దవయ్యాయి.

"తెచ్చి చదివి వినిపిస్తారండి," అంది రూబీ చటుక్కున. "ఆదివారానికొకటి. పుస్తకాలన్నీ ఇక్కడే పెట్టేస్తారు."

"పెట్టెయ్యడమా?" అన్నాడు శాలేమురాజు.

"మరి వారం వారం మోసుకు తిరుగుతారేంటి? పెట్టె ఉంది, నాఫ్తలీన్ ఉంది. చెదలు కూడా లేవని మీరేగా చెప్పారు."

"ఆఖరి పుస్తకం మాత్రం ఇవాళ ఒక్కసారి..." అని చెయ్యి చాచాడు.

వరమ్మగారు దాన్ని రూబీ దగ్గర తీసుకుని, పెట్టెలో అన్నిటికీ అడుగున పెట్టి, తాళం చెవి కొంగున ముడేసుకుంది. "వరస తప్పితే కథ పాడవుద్ది నాయనా. ముందు మొదటివన్నీ కానీ. అప్పుడు ఇస్తా."

కొనడానికి వెళ్లినవాడు ఉన్నవి ఇచ్చేస్తానని మాటిచ్చి, ఒక చెప్పు కూడా ఇచ్చేసి బస్సెక్కాడు.

సాయంత్రపు వెలుగులో మబ్బులు రాగిరంగు తిరిగాయి. బీరువా ఖాళీ అవుతుందన్న ఆనందంలో రూబీ సన్నగా కీర్తన పాడుకుంటోంది. పక్కన మొగుడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ పాట ఆపి, కిటికీలోంచి చూస్తూ మెల్లగా అంది.

"ఆఖర్న మాత్రం భలే రాశాడండీ."

శాలేమురాజు ఉలిక్కిపడ్డాడు. "నువ్వెప్పుడు చదివావ్?"

"మీరు గేదెతో మాట్లాడుతున్నప్పుడు."

"అంటే వరమ్మగారికీ తెలుసు, నీకూ తెలుసు. నాకొక్కడికే తెలీదా?"

"గేదెకి కూడా తెలీదు పాపం."

"రూబీ, నా బంగారం కదూ. ఒక్క మాట. పడవ దిగిందా, లేదా?"

"వరస తప్పితే కథ పాడవుద్దంట."

"ఎన్ని ఆదివారాలని ఆగను?"

"మీరు ఇంటికి ఎన్ని పుస్తకాలు మోసుకొచ్చారో అన్ని," అని రూబీ ఆయన భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.

శాలేమురాజు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. రెండు చేతులూ అయిపోయాయి, ఇంకా మిగిలే ఉన్నాయి. తన దగ్గర పుస్తకాలు మరీ ఎక్కువున్నాయని ఆయనకి జీవితంలో మొదటిసారి అనిపించింది.