చెరిపేసినందుకు మెమో

విజయనగరం శివార్లలోని మా ఇంజనీరింగ్ కళాశాలలో ప్రోగ్రామింగ్ నైపుణ్యాభివృద్ధికై ప్రతి శనివారం సామూహిక సాధన జరుగునని, రానివారికి హాజరు పడదని ప్రిన్సిపాల్ రంగనాథం గారు ప్రకటించారు. పద్ధతి గొప్పది. ఒకరు టైపు చేస్తారు, పక్కవారు ఆలోచన చెబుతారు, ఐదు నిమిషాలకు చోట్లు మారతారు. రాసింది చెరిపి మళ్ళీ రాస్తారు. తప్పులు చేసి దిద్దుకుంటారు. ఈ చివరి రెండు అంశాలను తొలగించి, మిగతాది ప్రిన్సిపాల్ గారు యథాతథంగా అమలుచేశారు.

మొదటి శనివారం కీబోర్డుకు పసుపు కుంకుమలతో పూజ జరిగింది. రెండో శనివారం కొత్త కీబోర్డు కోసం ఎదురుచూశాం. మూడో శనివారం నుంచి హరిబాబు మాస్టారు మార్కుల్ని తక్కువ నుంచి ఎక్కువకు పేర్చే ప్రోగ్రామును బోర్డు మీద రాయగా, అరవైమందీ ఒక్క గొంతుతో వల్లెవేశారు. అంతకంటే సామూహికం ఏముంటుంది?

నెల్లిమర్ల నుంచి బస్సులో వచ్చే అరుణశ్రీకి ఇది రుచించలేదు. భోజన విరామంలో తోటి విద్యార్థులైన రేఖనూ గోపీనీ కూర్చోబెట్టుకుని వేరే సాధన మొదలెట్టింది.

"బాగా పనిసేస్తన్నదాన్ని సెరిపేత్తన్నావేటే?" అన్నాడు గోపి.

"సెరిపితేనే కదరా మనకొచ్చిందో లేదో తెలుస్తాది! రేఖా, ఇప్పుడు నువ్వు కూకో. తప్పొస్తే రానీ, ఏటయిపోద్ది?"

ఏమైందంటే, మెమో వచ్చింది. సక్రమంగా నడుస్తున్న ప్రోగ్రాములను పదేపదే ధ్వంసం చేసినందుకు ముగ్గురి పేర్లూ క్యాంపస్ ఇంటర్వ్యూ జాబితా నుంచి తొలగించారు. ఆ ఇంటర్వ్యూ కోసమే నాలుగేళ్లు బస్సులో నిలబడి వచ్చిన అరుణశ్రీ, ఆ సాయంత్రం సీటు దొరికినా కూర్చోలేదు.

ఇంటర్వ్యూకు వచ్చిన కంపెనీ అధికారిణి కన్యాకుమారి గారి ఎదుట యాభై ఏడుగురు ప్రోగ్రామును గడగడా అప్పజెప్పారు. ఆవిడ సంతోషించి, "ఇవే మార్కుల్ని ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి" అన్నారు.

యాభై ఏడుగురూ మాస్టారి వైపు తిరిగారు. "అది ఇంకా చెప్పలేదండి" అని హరిబాబు మాస్టారు మనవి చేశారు.

ప్రిన్సిపాల్ గారు చెమట తుడుచుకుంటూ, వెనక మంచినీళ్లు అందిస్తున్న ముగ్గురినీ పిలిచారు. అరుణశ్రీ టైపు చేసింది. తెర మీద ఎర్రక్షరాలతో తప్పు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు కళ్లు మూసుకున్నారు.

"అక్కడ కాదే, కింది వరసలో ఎక్కువ-తక్కువ గుర్తు తిరగెయ్యాల, సూడు" అంది రేఖ. అరుణశ్రీ తిరగేసింది. మార్కులు బుద్ధిగా వరుస మారాయి.

ఉద్యోగాలు వచ్చింది ఆ ముగ్గురికే. మర్నాడు గేటుకు 'మా సామూహిక సాధన విజయం' అనే బ్యానరు కట్టారు. అందులో ప్రిన్సిపాల్ గారి ఫొటో ఉంది, హరిబాబు మాస్టారి ఫొటో ఉంది. అతిథి సమక్షంలో తప్పు చేసినందుకు అరుణశ్రీ చేతిలో రెండో మెమో ఉంది.

ఆమె సర్టిఫికెట్ల కోసం వచ్చిన రోజున, కొడుకును చేర్పించడానికి వచ్చిన ఒక పెద్దాయన అడిగాడు: "ఏటమ్మా, ఇక్కడ బాగా సెప్తారా?"

"తప్పులు సెయ్యనిచ్చే కాలేజీ ఉంటే సూసుకోండి బాబూ."

"తప్పులు సేయించే కాలేజీ మనకెందుకురా!" అని ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని గబగబా వెళ్లి అడ్మిషన్ల వరుసలో నిలబడ్డాడు. ఆ వరుస గేటు దాటి రోడ్డెక్కింది. అందులో మీరూ ఉన్నారు. దయచేసి తోసుకోకండి, అందరికీ సీట్లున్నాయి.